పట్టూ విడుపూ తెలిసిన గుల్ల

రైఫిల్ పేలినప్పుడు అందరి చూపూ గుండు వెంటే పోతుంది. పక్కకు ఎగిరిపడిన ఖాళీ గుల్ల ఎవరికీ పట్టదు. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టిన మన పిల్లలకు కూడా దానితో ఉన్న పరిచయం కాల్పులయ్యాక నేల మీద వెతికి ఏరడం, లెక్క చెప్పి అప్పగించడం వరకే. కానీ తూటాలో పనితనం ఎక్కడుందని వెతికితే గుండులో కన్నా, మందులో కన్నా ఎక్కువగా ఈ గుల్లలోనే కనబడుతుంది. ఇత్తడి గుల్లనూ ఉక్కు గుల్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే మరీనూ. రెండూ ఒకే పని కోసం పుట్టాయి, ఆ పనిని చెరొక దారిలో నెరవేరుస్తాయి. ఏ దారి ఏ తుపాకికి సరిపడుతుందో తెలిస్తే వాటిని క్షేమంగా వాడడంలో సగం పైగా తెలిసినట్టే.

తూటా అంటే నాలుగు భాగాల పొత్తు. కొసన గుండు, లోపల మందు, అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే లోహపు గుల్ల. తూటాను రైఫిల్ చాంబర్‌లోకి తోసేటప్పుడు గుల్ల చాంబర్ గోడకన్నా వెంట్రుకవాసి సన్నగా ఉండాలి, లేకపోతే లోపలికి పోదు. ట్రిగ్గర్ నొక్కగానే మందు అంటుకుని వాయువు పుడుతుంది. అమెరికా తయారీదారుల ప్రమాణం .223 రెమింగ్టన్ తూటాకు చదరపు అంగుళానికి 55,000 పౌండ్ల పీడనం దాకా అనుమతిస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి అది సుమారు 3,700 రెట్లు. ఆ ఒత్తిడికి గుల్ల ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కోవాలి. అలా అతుక్కుంటేనే వేడి వాయువు వెనక్కి, కాల్చేవారి ముఖం వైపు రాకుండా ఆగుతుంది. గుండు గొట్టం దాటి ఒత్తిడి పడిపోగానే అదే గుల్ల గోడను వదిలి సన్నబడాలి. అప్పుడే చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ మీది చిన్న కొక్కెం దాని అడుగంచును పట్టి బయటికి లాగగలదు. ఇదంతా సెకనులో వెయ్యో వంతుల లెక్కలో ముగిసిపోతుంది. పట్టవలసినప్పుడు గట్టిగా పట్టి, విడవవలసినప్పుడు పూర్తిగా విడిచిపెట్టడం, గుల్ల విద్య అంతా ఇదే.

ప్రతి లోహమూ కొంత మేర సాగి, ఒత్తిడి తీసేయగానే పాత కొలతకు వస్తుంది. ఆ మేర దాటితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది. ఎంత వెనక్కి రాగలదన్నది రెండు గుణాలు తేలుస్తాయి: లోహం ఎంత ఒత్తిడి దగ్గర లొంగిపోతుంది, అసలు ఎంత బిరుసుగా ఉంటుంది. ఇత్తడి బిరుసు సుమారు 110 గిగాపాస్కల్స్, ఉక్కుది సుమారు 200. అంటే ఒకే బలం ఉన్న రెండు గుల్లలు, ఒకటి ఇత్తడిదీ ఒకటి ఉక్కుదీ, ఒకే చాంబర్‌లో పేలితే ఇత్తడిది ఇంచుమించు రెండింతలు ఎక్కువగా వెనక్కి ముడుచుకుంటుంది. చాంబర్ కూడా ఉక్కుదే కాబట్టి పేలుడుకు అదీ రవ్వంత ఉబ్బి వెనక్కి వస్తుంది. గుల్ల దానికన్నా ఎక్కువ ముడుచుకోవాలి, తక్కువ ముడుచుకుంటే చాంబర్ దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఇత్తడికీ ఉక్కుకీ ఉన్న తేడాకు మూలం ఇదే. మిగతావన్నీ దీని కొమ్మలు.

ఇత్తడి పని

తూటాలకు వాడే ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం. ఈ పాళ్ళ దగ్గర ఇత్తడి చిరగకుండా సాగే గుణం శిఖరానికి చేరుతుంది. తుత్తునాగం ఇంకా పెంచుకుంటూ పోతే గట్టిదనం వస్తుంది గానీ సాగుడు పోతుంది. అందుకే లోహశాలల్లో ఈ మిశ్రమానికి తూటా ఇత్తడి అనే పేరు స్థిరపడింది.

గుల్లను పోతపోయరు, గొట్టం కోసి అతకరు. మందపాటి ఇత్తడి పలకలోంచి గుండ్రటి బిళ్ళను కత్తిరించి, పంచ్‌తో నొక్కి చిన్న గిన్నె చేస్తారు. ఆ గిన్నెను అంతకంతకూ ఇరుకైన అచ్చుల గుండా మూడు నాలుగు విడతలుగా లాగుతారు. ప్రతి లాగుడుకూ గోడ పలచబడి పొడుగు పెరుగుతుంది, అడుగు మాత్రం మందంగానే మిగులుతుంది. లాగిన ప్రతిసారీ లోహం బిగుసుకుంటుంది. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు ఉబ్బెత్తుగా లేపే పనివాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు: సుత్తి దెబ్బలకు రేకు మొండికేస్తుంది, నిప్పులో కాల్చి చల్లారిస్తే మళ్ళీ మాట వింటుంది. తూటా కర్మాగారంలోనూ అదే వరస. లాగడం, కొలిమిలో కాల్చడం, ఆమ్లంలో కడిగి పైపొర తీయడం, మళ్ళీ లాగడం.

ఇక్కడ మెచ్చుకోవలసింది ఆఖరి దశ. ఒకే గుల్లలో మూడు చోట్ల మూడు రకాల గట్టిదనం కావాలి. అడుగు భాగం బాగా గట్టిగా ఉండాలి, ఎందుకంటే దానిచుట్టూ చాంబర్ గోడ దన్ను పూర్తిగా ఉండదు, పైగా కొక్కెం లాగేది అక్కడే. నడుము పట్టు విడుపులు ఉన్నదిగా, సాగి వెనక్కి వచ్చేదిగా ఉండాలి. మెడ, అంటే గుండును పట్టుకునే చోటు, మెత్తగా ఉండాలి. లేకపోతే నిల్వలోనే చీలుతుంది. అందుకని అడుగును ప్రెస్సులో బలంగా మోది గట్టిపరుస్తారు, మెడను మాత్రం మంట పక్కన తిప్పుతూ ఒక్క క్షణం కాల్చి మెత్తబరుస్తారు. ఆ మంట వదిలిన నీలి, ఊదా రంగుల మరక అమెరికా సైనిక తూటాల మెడ మీద స్పష్టంగా కనిపిస్తుంది. మెడను కాల్చారనడానికి గుర్తుగా సైన్యం దాన్ని అలాగే ఉంచమంటుంది. సంతలో అమ్మే తూటాలకు ఆ మరకను మెరుగుపెట్టి తుడిచేస్తారు. ఆ మరకను చూసి తూటా పాడైందనుకునే కొత్తవాళ్ళు ఉన్నారు. నిజానికి అది పని సవ్యంగా జరిగిందనే ముద్ర.

ఈ మెడ సంగతి ప్రపంచానికి నేర్పింది మన వానాకాలమే. బ్రిటిష్ సైన్యం ఇండియాలో వర్షాకాలం కాల్పులు తగ్గించి తూటాలను గుర్రపు శాలల్లో నిల్వ చేసేది. వానలు వెలిశాక తీసి చూస్తే చాలా గుల్లలు, ముఖ్యంగా గుండును బిగించిన మెడ దగ్గర, నిలువునా పగిలి ఉండేవి. ఎవరూ కొట్టలేదు, కాల్చలేదు. ఈ చిక్కు 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు విప్పేదాకా విడలేదు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా, తేమ, వీటికి తోడు లాగుడులో లోహం లోపల మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే ఇత్తడి దానంతటదే చీలుతుందని వాళ్ళు తేల్చారు. దీనికి విరుగుడు కూడా తేలికే: తక్కువ వేడిలో కాచి లోపలి ఒత్తిడిని తీసేయడం. ఈ నాటికీ ఇత్తడి తూటాలను అమోనియా కలిసిన ద్రవాలకు దూరంగా ఉంచమంటారు. తుపాకి గొట్టంలో రాగి మరకలు వదిలించే కొన్ని ద్రావకాల్లో అమోనియా ఉంటుంది. గొట్టాన్ని శుభ్రం చేశాక అది చాంబర్‌లో మిగలకుండా తుడిచేయడం అందుకే మంచిది.

ఒకే ముక్కగా లాగిన గుల్ల రాకముందు సంగతి చూస్తే దాని విలువ ఇంకా తెలుస్తుంది. వూలిచ్‌లో రాయల్ లాబొరేటరీని నడిపిన ఎడ్వర్డ్ బాక్సర్ 1860లలో చేసిన తూటా గుల్ల పలచటి ఇత్తడి రేకును చుట్టచుట్టి చేసినది. బ్రిటిష్ సైన్యం వాడిన మార్టిని-హెన్రీ రైఫిల్‌కు మొదట అలాంటి గుల్లలే వచ్చాయి. 1885 జనవరిలో సూడాన్‌లోని అబూ క్లీ దగ్గరి పోరులో, ఇసుకా వేడీ కలిసిన చోట, ఆ రైఫిళ్ళు ఇరుక్కున్నాయి. ఇరుక్కున్న చుట్ట గుల్లను కొక్కెం లాగితే అడుగు చిరిగి చేతికొచ్చేది, మిగతాది చాంబర్‌లోనే ఉండిపోయేది. ఆ అనుభవం తర్వాత లాగుడు గుల్లలకు మళ్ళడం వేగం పుంజుకుంది.

ఉక్కు దారి

ఇత్తడి ఇంత చక్కగా కుదిరినప్పుడు ఉక్కుతో పనేమిటి? రాగి కరువే కారణం. మొదటి ప్రపంచ యుద్ధంలోనే జర్మనీ ఉక్కు గుల్లలు చేసింది. రెండో యుద్ధంలో పెద్ద ఎత్తున చేసింది. ఆ యుద్ధంలో రాగి ఎంత కటకటగా ఉండేదో నాణేలే చెబుతాయి. 1943లో అమెరికా ఒక్క సెంటు నాణేన్ని తుత్తునాగం పూసిన ఉక్కుతో ముద్రించింది. అదే ఏడు బ్రిటిష్ ఇండియా కాణీకి మధ్యలో బెజ్జం పెట్టింది. అమెరికాలోని ఎవాన్స్‌విల్‌లో క్రైస్లర్ కార్ల కంపెనీ నడిపిన తూటా కర్మాగారం .45 పిస్తోలు తూటాలను ఉక్కు గుల్లలతో కోట్ల కొద్దీ చేసి చూపించింది. యుద్ధానికి ముందు అది అయ్యే పని కాదనుకున్నవాళ్ళు చాలామందే.

ఎందుకు కాదనుకున్నారంటే, ఉక్కును లాగడం ఇత్తడిని లాగినంత సులువు కాదు. ఉక్కు అచ్చుకు అతుక్కుని గీరుకుపోతుంది. 1930లలో జర్మనీలో దీనికి ఉపాయం దొరికింది. ఉక్కు మీద ముందుగా ఫాస్ఫేట్ పొర పెంచి, ఆ పొర రంధ్రాల్లోకి సబ్బును ఇంకిస్తే, ఎంత గట్టిగా నొక్కినా ఆ సబ్బు అక్కడి నుంచి కదలదు. అచ్చుకూ ఉక్కుకూ మధ్య జారుడుగా నిలబడుతుంది. కార్బన్ చాలా తక్కువున్న మెత్తని ఉక్కును ఎంచుకుని, ఈ పొర మీద లాగుతూ, మధ్యమధ్య కాల్చుతూ గుల్లను సాధించారు.

లాగడం కుదిరింది గానీ విడుపు సమస్య అలాగే ఉంది. ఉక్కు ఇత్తడిలా వెనక్కి ముడుచుకోదు. ఇక్కడ సోవియట్ ఇంజనీర్లు చూపిన తెలివిని మెచ్చుకోక తప్పదు. లోహం ఇవ్వలేని విడుపును వాళ్ళు ఆకారంలోంచి రాబట్టారు. 1943లో రూపొందిన 7.62×39 తూటా, తర్వాత కలాష్నికోవ్ ఏకే రైఫిల్‌తో లోకమంతా తిరిగినది, అడుగు నుంచి భుజం దాకా, అంటే మెడ కోసం సన్నబడే చోటు దాకా, బాగా కోసుగా ఉంటుంది. అడుగున సుమారు 11.35 మిల్లీమీటర్లు, భుజం దగ్గర సుమారు 10.07. అంత చిన్న గుల్లలో 1.28 మిల్లీమీటర్ల తేడా ఎక్కువే. ఈ ఏటవాలు వల్ల గుల్ల వెనక్కి రవ్వంత కదలగానే చుట్టూ గోడ నుంచి ఒక్కసారిగా విడిపోతుంది. ఇక దాన్ని రుద్దుకుంటూ లాగనక్కర్లేదు. అరటికాయలా వంగిన ఏకే మ్యాగజీన్ రూపం కూడా ఈ కోసుతనం వల్ల వచ్చిందే. ఒకదాని మీద ఒకటి పేర్చిన కోసు తూటాలు తప్పనిసరిగా వంపు తిరుగుతాయి.

ఆకారానికి తుపాకి కూడా తోడైంది. ఏకేలో బోల్ట్‌ను వెనక్కి తన్నే గ్యాస్ పిస్టన్ బరువైనది, తన్నుడు బలమైనది. కొక్కెం వెడల్పుగా, మొరటుగా ఉంటుంది. బోల్ట్ తిరిగి తాళం తీసుకునేటప్పుడే గుల్లను కొద్దిగా కదిలిస్తుంది. చాంబర్‌కూ గొట్టానికీ లోపల క్రోమ్ పూత ఉంటుంది కాబట్టి తుప్పు పట్టి గరుకెక్కడం తక్కువ. ఉక్కు గుల్ల, కోసు ఆకారం, క్రోమ్ పూత, బలమైన లాగుడు, ఇవన్నీ కలిపి ఒకే ఆలోచనగా గీసినవి. వీటిలో ఒకటి తీసేస్తే మిగతావి కుంటుతాయి.

పైపూత మరో చిన్న శిల్పం. ఉక్కు తుప్పు పడుతుంది కాబట్టి వట్టిగా వదలలేరు. కొందరు రాగి పూత పూశారు, కొందరు లక్క రంగు వేశారు. 1960లకల్లా సోవియట్ గుల్లల మీద ఆకుపచ్చ లక్క పూత మామూలైంది. తర్వాతి రోజుల్లో బూడిద రంగు పాలిమర్ పూతా, తుత్తునాగం పూతా వచ్చాయి. పూత తుప్పును ఆపుతుంది, గుల్లను నున్నగా జారనిస్తుంది. ప్రైమర్ చుట్టూ, మెడ చుట్టూ వేసే లక్క నీరు లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. సైబీరియాలోని బర్నౌల్ కర్మాగారం ఒకే తూటాను లక్కతో, తుత్తునాగంతో, ఇత్తడి రంగు పూతతో మూడు ఎలుగుబంటి పేర్లు పెట్టి అమ్మింది. మూడోదాన్ని చూసి ఇత్తడి గుల్ల అనుకునేవాళ్ళకు అయస్కాంతం ఒక్కటే సరైన జవాబు చెబుతుంది.

పొత్తు కుదరని చోట

ఇప్పుడు అమెరికా ఏఆర్-15 రైఫిళ్ళ వంశం వైపు చూడండి. దానికి గీసిన .223 తూటా, 5.56×45 తూటా దాదాపు నిటారుగా ఉంటాయి. అడుగున సుమారు 9.58 మిల్లీమీటర్లు, భుజం దగ్గర సుమారు 9. ఏకే తూటా కన్నా పొడవు ఎక్కువున్నా తేడా సగమైనా లేదు. ఇత్తడి ముడుచుకుంటుందన్న నమ్మకం మీద గీసిన కొలతలివి. అందులో ఉక్కు గుల్ల పెడితే ముడుచుకోవడమూ తక్కువే, ఏటవాలు సాయమూ తక్కువే. చాలా తుపాకులు అయినా పనిచేస్తాయి. కొన్ని, ముఖ్యంగా బిగువైన చాంబర్ ఉన్నవి, ఇరుక్కుంటాయి.

ఇక్కడ ఒక అపోహ చాలాకాలంగా తిరుగుతోంది. లక్క పూత వేడికి కరిగి చాంబర్‌లో అంటుకుంటుందని, అందువల్లే తర్వాత పెట్టిన ఇత్తడి తూటా ఇరుక్కుంటుందని. లక్క అంత తేలిగ్గా కరగదు. అసలు దోషి మసి. ఉక్కు గోడ ఇత్తడంత త్వరగా, గట్టిగా చాంబర్‌కు అతుక్కోదు కాబట్టి కాస్త వాయువు పక్కల నుంచి వెనక్కి జారి, చాంబర్ ముందు భాగంలో మసి పేరుస్తుంది. ఉక్కు తూటాలు చాలాసేపు కాల్చాక ఇత్తడి తూటా పెడితే, అది పెద్దగా ఉబ్బి ఆ మసి పొరను ఒరుసుకుని బిగుసుకుంటుంది. ఇత్తడి మీద పడిన నింద నిజానికి ముందు వరసలో కాల్చిన తూటాలది.

అయినా అన్ని తప్పులూ ఉక్కు మీద మోపడం న్యాయం కాదు. 1966, 67లలో వియత్నాంలో ఇదే వంశానికి చెందిన ఎం16 రైఫిళ్ళు అమెరికా సైనికుల చేతుల్లో ఇరుక్కున్నాయి. వాటిలో ఉన్నవి మేలిరకం ఇత్తడి తూటాలే. మందు రకం మార్చారు, చాంబర్‌కు క్రోమ్ పూత పెట్టలేదు, ఆ తేమలో చాంబర్లు తుప్పుపట్టి గుంటలు పడ్డాయి, శుభ్రం చేసే సామగ్రి సరిగ్గా అందలేదు. ఎంత మంచి విడుపున్న ఇత్తడైనా గరుకెక్కిన గోడను వదలలేకపోయింది. ఆ తర్వాతే చాంబర్‌కు క్రోమ్ పూత వచ్చింది. దీనికి ఎదురుగా జర్మనీ జి3 రైఫిల్‌ను చూడవచ్చు. దాని చాంబర్ గోడలో సన్నటి గాడులు చెక్కి ఉంటాయి. వాయువు ఆ గాడుల గుండా గుల్ల బయటివైపుకు చేరి దాన్ని గోడకు అతుక్కోనివ్వకుండా తేలుస్తుంది. బయటపడ్డ గుల్ల మీద వరుసగా నల్లటి నిలువు చారలు కనిపిస్తాయి. గుల్లను వదిలించే పూచీ అక్కడ చాంబరే తీసుకుంది.

గొట్టం అరుగుదల వేరే లెక్క. దాన్ని గుల్లతో కలిపి చూడడం మామూలు పొరపాటు. ఉక్కు గుల్లతో వచ్చే చవక తూటాల్లో చాలావాటికి గుండు తొడుగు కూడా మెత్తని ఉక్కే, పైన పలచటి రాగి పూత. గుల్ల చాంబర్ దాటి పోదు కాబట్టి గొట్టాన్ని అరగదీసేది ఈ తొడుగే. 2013లో లక్కీ గన్నర్ అనే తూటాల అమ్మకందారు ఒకే రకం బుష్‌మాస్టర్ రైఫిళ్ళు నాలుగు తెచ్చి, ఒక్కోదానిలో ఒక్కో బ్రాండు, ఒక్కోటి 10,000 తూటాలు కాల్చే పరీక్ష పెట్టింది. రాగి తొడుగు ఉన్న ఇత్తడి తూటాలు కాల్చిన గొట్టం చివరిదాకా పనికొచ్చింది. ఉక్కు తొడుగు గుండ్లు కాల్చిన గొట్టాలు మధ్యలోనే అరిగిపోయాయి. కానీ తూటాల మీద మిగిలిన డబ్బుతో కొత్త గొట్టం కొనుక్కోవచ్చన్నది కూడా ఆ లెక్కలో తేలింది. వాడేవారు తేల్చుకోవలసింది ఖర్చు విషయం. గొట్టం అరిగితే గురి చెదురుతుందే తప్ప తుపాకి పేలిపోదు.

వాడేవారికి

మన దేశంలో లైసెన్సు మీద వచ్చే రైఫిళ్ళలో ఉక్కు గుల్లల తూటాల వాడకం అరుదు. .315 రైఫిల్‌కు వాడేవి ఇత్తడివే. పుణె పక్కన ఖడ్కీలో 1869లో మొదలైన మందుగుండు కర్మాగారం నుంచి మన సైన్యానికి ఎన్నో తరాల తూటాలు వచ్చాయి. ఇప్పుడు అమేఠీ జిల్లా కోర్వాలో ఏకే-203 తయారవుతోంది కాబట్టి 7.62×39 తూటా కూడా మన సైన్యంలో ఇంటిదైంది. ఇత్తడా ఉక్కా అన్న ఎంపిక నిజంగా ఎదురయ్యేది అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు. అక్కడ షూటింగ్ రేంజికి వెళ్ళేవాళ్ళు అంగట్లో చవకగా దొరికే ఉక్కు తూటాల పెట్టె దగ్గర ఒక్కసారైనా ఆగే ఉంటారు. 2021లో రష్యా తూటాల దిగుమతికి అమెరికా ఆంక్షలు పెట్టాక ఆ పెట్టెలు తగ్గాయి గానీ పోలేదు. వాళ్ళకు పనికొచ్చే నియమాలన్నీ పైన చెప్పిన లోహ స్వభావంలోంచే పుడతాయి.

మొదటిది, తుపాకి గొట్టం మీద చెక్కిన పేరూ, పెట్టె మీది పేరూ, గుల్ల అడుగున ముద్రా మూడూ ఒకటై ఉండాలి. 7.62 అని ఉంటే చాలదు. 7.62×39, 7.62×51, 7.62×54ఆర్ మూడు వేర్వేరు తూటాలు. 5.56 సైనిక తూటాను .223 అని మాత్రమే రాసున్న తుపాకిలో పెట్టకూడదు, పీడనం హద్దు దాటవచ్చు. .300 బ్లాక్‌అవుట్ తూటా విషయంలో మరీ జాగ్రత్త. దాని గుల్ల 5.56 గుల్ల నుంచే పుట్టింది, మ్యాగజీన్ కూడా అదే. పొరపాటున 5.56 తుపాకిలో అది కూర్చుని పేలితే లావు గుండు సన్నటి గొట్టంలో దూరలేక తుపాకి ముక్కలవుతుంది. గుల్ల ఇత్తడిదైనా ఉక్కుదైనా ఈ ప్రమాదం తప్పదు.

రెండోది, తుపాకి తయారీదారు పుస్తకం చదవాలి. కొందరు ఉక్కు గుల్లలు వద్దని రాస్తారు, వాడితే వారంటీ చెల్లదంటారు. బిగువైన చాంబర్లున్న పోటీ రైఫిళ్ళకు ఇది మరీ వర్తిస్తుంది. ఏకే, ఎస్‌కేఎస్ లాంటి సోవియట్ రైఫిళ్ళు ఉక్కు కోసమే గీసినవి కాబట్టి అక్కడ బెంగ అక్కర్లేదు.

మూడోది, ఉక్కు నుంచి ఇత్తడికి మారే ముందు చాంబర్‌ను బ్రష్‌తో తోమి మసి తీయాలి. తూటాలకు మాత్రం నూనె రాయకూడదు. జారితే మంచిదే కదా అని చాలామందికి అనిపిస్తుంది. కానీ గుల్ల చాంబర్ గోడను గట్టిగా పట్టుకోవడం వల్లే పేలుడు తోపులో కొంత గోడ మోస్తుంది. నూనె ఆ పట్టు తీసేస్తే తోపంతా బోల్ట్ మీద పడుతుంది. పట్టూ విడుపూ రెండూ కావాలన్నది ఇక్కడ మళ్ళీ తేలుతుంది.

నాలుగోది, గుల్ల ఇరుక్కుంటే తొందర పనికిరాదు. తుపాకి మూతి క్షేమమైన దిక్కుకే ఉంచి, మ్యాగజీన్ తీసి, లోపల ఉన్నది పేలిన గుల్లా, పేలని తూటానా అన్నది ముందు తేల్చుకోవాలి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకూడదు. ఆలస్యంగా పేలే అవకాశం ఉంది కాబట్టి కనీసం అర నిమిషం అలాగే పట్టుకుని ఆగాలి. చప్పుడు మామూలుకన్నా మెల్లగా, ఉస్సుమన్నట్టు వస్తే గుండు గొట్టంలోనే ఆగి ఉండవచ్చు. అప్పుడు రెండో తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. గొట్టం చూసేదాకా కాల్పులు ఆపాలి. పేలని తూటా ఇరుక్కుంటే కడ్డీతో పొడవకుండా తుపాకుల మేస్త్రీకి అప్పగించాలి. బాగా కాల్చి వేడెక్కిన చాంబర్‌లో తూటాను ఊరికే ఉంచితే వేడికే పేలవచ్చు. ఆపినప్పుడు బోల్ట్ తెరిచి ఉంచడం ఏ గుల్లకైనా నియమమే.

ఐదోది, పాత సైనిక నిల్వల తూటాలు. వాటిలో చాలావాటి ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలి మిగిల్చే ఉప్పు గాలిలో తేమను పీల్చి గొట్టాన్ని తుప్పుపట్టిస్తుంది. ఆ ఉప్పు నూనెకు కరగదు, నీటికి కరుగుతుంది. కాబట్టి అవి కాల్చినరోజే వేడి సబ్బునీటితో గొట్టం, గ్యాస్ భాగాలు కడిగి, ఆరబెట్టి, ఆ పైన నూనె రాయాలి. ఉక్కు గుల్ల అంటే తుప్పు ప్రైమర్ అని కొందరు జతకట్టేస్తారు. ఇప్పుడు అంగట్లో దొరికే కొత్త ఉక్కు తూటాల ప్రైమర్లు చాలావరకు అలాంటివి కావు.

ఆరోది, తిరిగి నింపడం. ఇత్తడి గుల్లను కొత్త ప్రైమర్, మందు, గుండుతో మళ్ళీ మళ్ళీ నింపుకునే అలవాటు అమెరికాలో పెద్దది. ఉక్కు గుల్లకు ఆ మర్యాద లేదు. దాని లోహం మళ్ళీ మెత్తబడి ఆకారానికి లొంగదు, అచ్చులను అరగదీస్తుంది, పూత పోయాక తుప్పు పడుతుంది. పైగా చాలావాటిలో బెర్డాన్ ప్రైమర్ ఉంటుంది. నిప్పు పోయే రంధ్రాలు రెండు పక్కలకు ఉండడంతో మామూలు సూదితో దాన్ని తీయలేరు. వింత ఏమిటంటే, ఆ ప్రైమర్ కనిపెట్టిన హైరమ్ బెర్డాన్ అమెరికావాడు, అది స్థిరపడింది రష్యాలో. ఆంగ్లేయుడైన బాక్సర్ ప్రైమర్‌ను అమెరికా తన సొంతం చేసుకుంది.

ఆఖరుది, రేంజిలో అయస్కాంతం. చాలా రేంజులు తలుపు దగ్గరే తూటాకు అయస్కాంతం పెట్టి చూస్తాయి. గుండు అంటుకుంటే ఉక్కు తొడుగో లోపల ఉక్కు ముక్కో ఉందన్నమాట. అలాంటిది ఉక్కు లక్ష్యాలను గుంటలు పెడుతుంది, నిప్పురవ్వలు లేపి ఎండుగడ్డిని అంటిస్తుంది. గుల్ల మాత్రమే అంటుకుంటే అంత ప్రమాదం లేదు, అయినా ఏరిన ఇత్తడిని తుక్కుగా అమ్ముకునే రేంజులు ఉక్కు కలవడానికి ఒప్పుకోవు. నియమం వాళ్ళది కాబట్టి అడిగే వెళ్ళాలి. నిల్వ విషయానికొస్తే ఇత్తడి అమోనియాకు, ఉక్కు తేమకు భయపడుతుంది. పూత గీరుకుపోయి తుప్పు తినేసిన గుల్లనూ, మెడ చీలిన ఇత్తడి గుల్లనూ కాల్చకుండా పక్కన పెట్టాలి.

ఈ రెండు గుల్లల్లో ఏది గొప్ప పని? లోహాన్ని లోహంగా చూస్తే ఇత్తడిదే పైచేయి. ఏ తుపాకిలో పెట్టినా దాదాపు ఇబ్బంది పెట్టదు, చాంబర్ కాస్త అటూ ఇటూ ఉన్నా సర్దుకుపోతుంది, మళ్ళీ నింపితే మళ్ళీ పనికొస్తుంది. ఉక్కు గుల్ల గొప్పదనం వేరే. రాగి చేతికందని రోజుల్లో, మొండి లోహాన్ని లొంగదీసి, అది ఇవ్వలేని విడుపును ఆకారంలో, పూతలో, తుపాకి యంత్రంలో పంచిపెట్టి సమకూర్చుకున్నారు. అందుకే అది తనకోసం గీసిన తుపాకిలో ఇత్తడితో సమానంగా నిలబడుతుంది, పరాయి తుపాకిలో తడబడుతుంది. తూటా కొనబోయేవారు ఆ తుపాకి ఏ గుల్లను తలచుకుని గీసినదో ముందు కనుక్కోవాలి. పెట్టె ధర ఆ తర్వాత చూసుకోవచ్చు.